అప్ప ఒలిచిన పళ్లెం

పలాస జీడిపప్పు కొనడం చేతకానివాళ్లందరూ ఏరికోరి నాకే తగిలారు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో నేను చేసిన అసలు పని వాళ్ల వెంట తిరగడమే. కాగితాల మీద నేను టెక్కలిలో ఒక ప్రభుత్వ ఆఫీసు గుమాస్తాని. పై ఊళ్ల నుంచి తనిఖీకి వచ్చిన ప్రతి ఆఫీసరుకీ, ఆయన భార్యకీ, ఆ భార్య తమ్ముడికీ పప్పు ఏరి పెట్టింది నేనే. ఇద్దరు మంత్రుల ఇళ్లకీ, ఒక హైకోర్టు జడ్జీ ఇంటికీ నా చేత్తో ఏరిన పప్పే వెళ్లింది.

ఇది అబద్ధం. ఒక మంత్రిగారి డ్రైవరు ఒకసారి అరకిలో కొనిపెట్టమన్నాడు, అంతవరకే. జడ్జీని మా ఆవిడ కోసం పుట్టించాను. చెప్పగా చెప్పగా నాకే ఆయన మొహం కూడా గుర్తుకు రావడం మొదలైంది. డెబ్బై దాటాక ఒక వెసులుబాటు ఉంది. ఆడిన అబద్ధాన్ని ఆ పక్క వాక్యంలోనే ఒప్పేసుకోవచ్చు, ఎవరూ జీతం కొయ్యరు.

కోపం మాత్రం అబద్ధం కాదు. ఇప్పటికీ ఎవరైనా రైలు దిగి "ఇక్కడ జీడిపప్పు ఎక్కడ బాగుంటుందండీ" అని అడిగితే నా చెవులు వేడెక్కుతాయి.

ఆ రోజుల్లో, అంటే సెల్ ఫోను ఇంకా పెద్ద ఆఫీసర్ల నడుముకే వేలాడే రోజుల్లో, తనిఖీ అంటే పొద్దున్న రెండు గంటలు ఫైళ్లు. పదకొండయ్యేసరికి ఆఫీసరుగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, ఇక్కడ ఏం ఫేమస్సయ్యా అని అడిగేవారు. జవాబు తెలియకుండా అడిగినవాడు ఒక్కడూ లేడు. నేను పలాస పేరు చెప్పాలి, ఆయన ఓహో అని ఆశ్చర్యపడాలి, జీపు కదలాలి.

పప్పుతో ఆగితే సరే. ఒకాయనకి ఉద్దానం కొబ్బరికాయలు కావాలి, పీచు తియ్యకూడదు, జీపులో మాత్రం చోటు పట్టకూడదు. ఒకావిడ ఎండు నెత్తళ్లు కొని, వాసన రాకుండా కట్టమంది. వాసన లేని నెత్తళ్లు సముద్రంలో కూడా ఉండవమ్మా అందామనుకుని, ఐదు పేపర్లు చుట్టి ఇచ్చాను. ఇంకొకాయన వినాయకచవితి దాటాక వచ్చి పచ్చి జీడిపప్పు కూర తింటానన్నాడు. చెట్టుకి పిందె లేని నెలలో పచ్చి పప్పు ఎక్కడిదని అడగకుండా చూస్తానండి అన్నాను. ఆ చూస్తానండి అనే మాట మీదే నా ఉద్యోగం నడిచింది. అది తలుచుకున్నా కోపమే.

అయితే పప్పు కొట్లో అడుగుపెట్టాక నేను వేరే మనిషిని. అక్కడ ఆఫీసరు నా వెనక నిలబడేవాడు. పప్పు మంచిదో కాదో చెప్పడానికి నాకొక పద్ధతి ఉంది. ఒక గుండు పప్పు, అంటే విరగని నిండు పప్పు, తీసి చూపుడువేలుకీ బొటనవేలుకీ మధ్య అడ్డంగా పెట్టి నొక్కాలి. తడి ఉన్నది వంగుతుంది. బాగా ఎండినది టప్పున విరుగుతుంది. నేను నొక్కే ముందు ఒక క్షణం ఆగి అందరూ చూస్తున్నారని ఖాయం చేసుకునేవాణ్ణి. టప్. ఆ చప్పుడుకి ఆఫీసర్ల మొహాలు చిన్నపిల్లల మొహాలైపోయేవి. ఏదీ నేనూ చూస్తాను అని ఆయనొకటి విరిచేవాడు, ఆవిడ రెండు విరిచేది. పది విరిచి ఒక కిలో కొనేవారు. విరిచినవి తినేవారా అంటే అదీ లేదు, పళ్లెంలోకే విసిరేవారు.

ఈ విద్య నాకు మా తాత నేర్పాడని అందరికీ చెప్పాను. మా తాత జన్మలో జీడిపప్పు కొనలేదు. విశాఖపట్నం వర్తకుడొకడు ఒకసారి అలా చేస్తుంటే చూసి దొంగిలించాను.

నేను అందరినీ తీసుకెళ్లేది పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో ఒకే కొట్టుకి. అది విడి కొట్టు కాదు, ఒక చిన్న కార్ఖానాకి వీధిగది. వెనక జీడిపిక్కలు కాల్చే చోటు, దాని పక్కన పిక్కలు కొట్టే షెడ్డు. నడుమ పొట్టు తీసే గది. ముందు కొట్టు. పొట్టు తీసే గదికీ కొట్టుకీ మధ్య పలకల గోడ, దాని పైన జానెడు ఖాళీ.

ఆ గదిలో పొడుగాటి బల్ల చుట్టూ ఇరవైమంది దాకా ఆడవాళ్లు. ఒక్కొక్కరికీ ఒక అల్యూమినియం పళ్లెం, దాని అంచున మేకుతో గీసిన ఒక గుర్తు. ఒకరిది చేప, ఒకరిది జడ, ఒకరిది కొబ్బరాకు. ఒలిచిన పప్పు ఎవరి పళ్లెంలో వాళ్లు వేస్తారు. సాయంత్రం గుండు, బద్ద, ముక్క వేరు చేస్తారు. పగలంతా మాత్రం వాటిలో అందంగా కనబడ్డ పళ్లేన్ని సావుకారు వీధిగదిలో పెట్టి, వచ్చినవాళ్లకి చూపించేవాడు. చాలా రోజులు ఆ పళ్లెం అంచున కొబ్బరాకే ఉండేది.

కొబ్బరాకు మా అప్పది. మా వైపు అక్కని అప్ప అంటాం. పూండి దగ్గర పల్లెలో ఆవిడ ఇల్లు. బావ పోయాక రోజూ ఆటో ఎక్కి కాశీబుగ్గ వచ్చి ఆ కార్ఖానాలో పని చేసేది. మొదట తొమ్మిదేళ్లు వెనక షెడ్డులో. కాల్చిన పిక్కని రాతి మీద పెట్టి కొయ్య సుత్తితో కొడితే పెంకులోంచి జీడి కారుతుంది. అది అంటినచోట చర్మం నల్లబడి పొరలుగా లేస్తుంది. ఎంత బూడిద రాసుకున్నా అంతే. ఆ తొమ్మిదేళ్లూ కూరలో ఉప్పు ఎంతుందో ఆవిడకి నోటికంటే ముందు వేళ్లకి తెలిసేది.

తర్వాత పొట్టు తీసే బల్ల దగ్గర చోటు దొరికింది. రెండేళ్లకి చేతులు మానాయి. యాభై ఏళ్ల వయసులో, బుద్ధి తెలిశాక మొదటిసారి చేతులకి గోరింటాకు పెట్టుకుని మా ఇంటికొచ్చి, ఎర్రగా పండిందా లేదా అని మా ఆవిడని రెండుసార్లు అడిగింది. ఆ బల్ల దగ్గర చోటంటే అది. అది పోతే మళ్లీ వెనక షెడ్డే. పోవడానికి ఒక్కటే కారణం, పళ్లెంలో ముక్క ఎక్కువ కావడం.

అందుకే, ఆ కొబ్బరాకు పళ్లేన్నే ముందుకి లాగి, ఇది మా అప్ప ఒలిచిన పప్పండీ, ఉద్దానంలో ఇంత నున్నగా ఒలిచే చెయ్యి ఇంకోటి లేదు అని ఆఫీసర్ల ముందు గర్వంగా చెప్పేవాణ్ణి. చెప్పి, అందులోంచే ఒకటి తీసి విరిచేవాణ్ణి.

ఒక ఏడు వేసవిలో తనిఖీలు ఎక్కువయ్యాయి. రెండు నెలల్లో ఐదు బృందాలు. అవి ముగిశాక ఒక ఆదివారం పూండి వెళ్లాను. అప్ప మంచినీళ్లు తెచ్చి గ్లాసు నా చేతికివ్వకుండా గట్టు మీద పెట్టింది. ఎందుకో అని చేతులు చూశాను. వేళ్ల కొసలు నల్లగా ఉన్నాయి. అరచేతిలో చర్మం లేచిపోయి లోపలి గులాబీరంగు కనబడుతోంది. ఆముదం రాసుకుంది, అది ఎండకి మెరుస్తోంది.

"షెడ్డుకి దింపీసినారు" అంది. "ముక్క ఎక్కువైపోతందట."

నాకు ఒళ్లు మండింది. ఆ మర్నాడే కాశీబుగ్గ వెళ్లాను. కొట్లోకి వెళుతూనే బల్ల మీద అరచేత్తో కొట్టి, మా అప్పని దింపుతావా, నీ కార్ఖానాకి రేపు పొద్దున్నే తాళం వేయిస్తాను అని అరిచాను. సావుకారు వణికిపోయాడు. ఇది టెక్కలి టీకొట్లో నేను చెప్పిన కథ. నాలుగు రోజులు చెప్పాను, నాలుగో రోజుకి సావుకారు నా కాళ్లు కూడా పట్టుకున్నాడు.

జరిగింది వేరు. కొట్లో ఎవరూ లేని వేళ చూసుకుని వెళ్లాను. సావుకారు నవ్వుతూ కుర్చీ వేశాడు. నేను కూర్చుని, గొంతు తగ్గించి, కొబ్బరాకు గుర్తావిణ్ణి దింపేశారట, మాకు కాస్త తెలిసినావిడ, అన్నాను. మాకు కాస్త తెలిసినావిడ. నన్ను చంకనెత్తుకుని పెంచిన మనిషి. ఈ నాలుగు మాటలు రాయడానికి మూడు రోజులు పట్టింది.

సావుకారు లోపలికి వెళ్లి ఒక రేకు డబ్బా తెచ్చి నా ముందు వంచాడు. ఆ పళ్లెంలోంచి ఏరిన ముక్కలట.

"సూడండి గుమస్తాగారూ, మీకు తెలీని పప్పా ఇది. మీరే సెప్పండి."

చూశాను. జీడిపప్పుకి పుట్టుకతోనే నడుమ నిలువునా ఒక గీత ఉంటుంది. ఒలిచేటప్పుడు చెయ్యి తప్పితే పప్పు ఆ గీత వెంబడి రెండు బద్దలుగా విడిపోతుంది. అడ్డంగా విరగాలంటే ఎవడో పనిగట్టుకుని రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కాలి. ఆ డబ్బాలో బద్దలు లేవు. అన్నీ అడ్డముక్కలే. నా ఉద్యోగంలో వేల కాగితాల మీద సంతకం చేశాను గానీ, నా సంతకం అంత స్పష్టంగా ఎక్కడా చూసుకోలేదు.

సావుకారుకి తెలియదా? తెలుసు. పుట్టినప్పటి నుంచి పప్పు చూస్తున్న కళ్లు అవి. కాని నెలనెలా ఆఫీసర్లని జీపులో తెచ్చి దింపే నన్ను ఏమీ అనలేడు. ఆఫీసరు భార్యని అసలే అనలేడు. ముక్కకి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కాబట్టి, పళ్లెం మీద గుర్తు ఎవరిదో వాళ్లే చెప్పాలి. ఇందులో అతనికి వింతేమీ కనబడలేదు. కిలో పప్పుకి పది ముక్కలు తరుగు, తరుగుకి ఒక మనిషి.

అప్పుడే, అక్కడే, ఇవి నేను విరిచినవి అని చెప్పేశాను.

లేదు, చెప్పలేదు. ముక్కలు డబ్బాలోకి ఎత్తాను. అర్ధకిలో గుండు పప్పు కొన్నాను, ఎందుకో నాకే తెలియదు, ఊరికే లేచిపోతే బాగుండదనిపించింది. బస్సెక్కి టెక్కలి వచ్చేశాను. దారంతా తిట్టుకున్నాను. సావుకారుని తిట్టాను, పప్పు విరిచి పళ్లెంలో పారేసిన ప్రతి చేతినీ పేరు పేరునా తిట్టాను. నా పేరు వచ్చేసరికి టెక్కలి వచ్చేసింది.

ఆ పప్పు ఇంట్లో ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మరుసటి ఆదివారం అప్ప దగ్గరికి వెళ్లి, గుమ్మంలో నిలబడే చెప్పేశాను, ఆ ముక్కలు నావని. ఆవిడ చేట పక్కన పెట్టి కూర్చోమంది. ఆశ్చర్యపోలేదు.

"నాకు తెల్దేటి" అంది. "గోడ మీదంట అంతా ఇనపడతాది. నీ గొంతు ఇనపడీది. ఎనకాల టప్పుమని ఇనపడీది. ఆ బల్ల కాడున్నోలంతా నాకేసి సూసీవోరు."

మరి ఒక్కనాడైనా చెప్పలేదేం అని అరిచాను. తప్పు నాదైనప్పుడు నా గొంతు ఇంకా పెద్దదవుతుంది. ఆ మాట సావుకారుకి చెప్పినా నీ చోటు నిలిచేది కదా అన్నాను.

"ఆఫీసర్ల కాడ నీ మాట సెల్లతంది గదా, ఎందుకు సెడగొట్టాల అనుకున్నాను. అదీ గాక..." అని ఆగింది. చేతులు ఒళ్లో బోర్లా పెట్టుకుంది. "ఇది మా అప్ప ఒలిసిన పప్పు అంతావేమోనని, నువ్వు వచ్చినప్పుడల్లా సెవులొగ్గి కూకుందును. ఒక్కపాలి అంతావు గదా అని."

పైన ఒకచోట రాశాను, మా అప్ప ఒలిచిన పప్పండీ అని గర్వంగా చెప్పేవాణ్ణని. అది కొట్టేయండి. ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ పళ్లేన్ని ముందుకి లాగింది నిజం. పప్పు నున్నగా ఉందని పొగిడిందీ నిజం. నా తోడబుట్టినది గోడ అవతల కూలికి పొట్టు తీస్తోందని ఆఫీసర్లకి తెలిస్తే, కొట్లో నా వెనక నిలబడ్డం మానేసి మళ్లీ ముందుకి వస్తారని భయం. చెబితే సావుకారు ఆ పళ్లెం జోలికి ఎవరినీ రానిచ్చేవాడు కాదు. ఒక్క మాట ఖర్చు. అది మిగుల్చుకుని ఆవిడ చేతులు ఇచ్చాను.

నెల తిరక్కుండా మళ్లీ ఒక బృందం వచ్చింది. ఇద్దరు ఆఫీసర్లు, ఒకాయన భార్య. పదకొండయింది, కళ్లజోడు తీశారు, జీపు కదిలింది. దారిలో వాళ్లు ఏం మాట్లాడారో నాకు తెలియదు. నేను లోపల మాటలు పేర్చుకుంటున్నాను.

కొట్లో బల్ల మీద చేప గుర్తు పళ్లెం ఉంది. ఆఫీసర్లలో పెద్దాయన, ఎవరో చెప్పగా విన్నారట, పప్పు విరిచి చూడాలటగా అంటూ చెయ్యి చాపారు. నా విద్య నాకంటే ముందే పాకిపోయింది. నేను పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"విరవకండి సార్" అన్నాను. "లోపల ఒలిచినామె మీద పడుతుంది. మా అప్ప మీద ఇలాగే పడింది. ఆవిడ వెనక షెడ్డులో పిక్కలు కొడుతోంది. ఆవిడ పళ్లెంలో ముక్కలన్నీ నేను విరిచినవే, మీలాంటివాళ్ల ముందు గొప్ప కోసం."

మీలాంటివాళ్ల ముందు అనలేదు. అది ఇప్పుడు కలిపాను. మిగతాదంతా అన్నాను, కొంచెం నత్తిగా.

ఆఫీసరుగారు చెయ్యి వెనక్కి తీసుకుని జేబురుమాలుతో తుడుచుకున్నారు, ఇంకా ఏమీ ముట్టుకోకుండానే. వెంట వచ్చినావిడ ఉక్కగా ఉందంది. గోడ అవతల పొట్టు తీసే చప్పుడు ఆగిపోయింది. సావుకారు మొహం కందిపోయి, "మీ మనిషని ముందే ఒక్క ముక్క సెప్పుంటే బాగుండును గదా గుమస్తాగారూ, రేపే ఈ సేప గుర్తామెని దింపి బల్ల ఎక్కించీస్తాను" అన్నాడు.

మీ మనిషని. నాకు ఆ రోజు వచ్చినంత కోపం ఇంకెప్పుడూ రాలేదు. మా మనిషి కాకపోతే చెయ్యి కాల్చుకోవచ్చా అని అడిగి కడిగేశాను. ఎప్పుడంటే, జీపు నౌపడ దగ్గరికొచ్చాక, మనసులో. కొట్లో అన్నది మాత్రం ఒక్కటే, సరేనండి అని.

వాళ్లు ఆ పళ్లెంలోంచి కొనలేదు. నాలుగు కొట్ల అవతల అద్దాల షాపులో, బొమ్మ అచ్చేసిన ప్యాకెట్లు తీసుకున్నారు. నన్ను ఏమీ అనలేదు. ఆ తర్వాత తనిఖీలకి వచ్చినవాళ్లని పలాస తీసుకెళ్లే పని నెమ్మదిగా ఇంకో గుమాస్తాకి పోయింది. అది నేనే వదిలేశానని చాలాకాలం చెప్పుకున్నాను.

వాళ్లు వెళ్లాక నేను జీపు ఎక్కకుండా ఉండిపోయాను అని రాయబోయి ఆగాను. ఎక్కాను. టెక్కలిలో వాళ్లని దింపి, మళ్లీ బస్సు పట్టుకుని సాయంత్రానికి కాశీబుగ్గ వచ్చాను. పని వదిలే వేళ. అప్ప షెడ్డులోంచి బూడిద చేతులతో వచ్చింది. షెడ్డులో సుత్తుల మోత, ఆవిడకి ఏమీ వినబడలేదు. ఇన్నేళ్లు చెవులొగ్గి కూర్చున్న మనిషి, చెప్పిన రోజున గోడ పక్కన లేదు.

ఆటో స్టాండు దగ్గర అంతా చెప్పాను. రేపు నిన్ను బల్ల ఎక్కిస్తానన్నాడు, చేప గుర్తామెని దింపి, అన్నాను.

అప్ప ఒప్పుకోలేదు. "దాని సేతులు ఇప్పుడిప్పుడే మాన్తన్నాయి" అంది. "దాన్ని దింపి నాను ఎక్కితే అది రేపు నాకేసి ఎలాగ సూత్తాది. ఎవులైనా మానితే ఎక్కుతాను." వానాకాలం గడిచాక, సోంపేట నుంచి వచ్చే ఒకామె కూతురి పురిటికని మానేస్తే అప్ప బల్ల ఎక్కింది. నాలుగు నెలల షెడ్డు అది. కుడిచేతి రెండు వేళ్లకి పాత చర్మం మళ్లీ రాలేదు.

ఆ సాయంత్రం మాత్రం ఆవిడకి బల్ల గొడవ అక్కర్లేకపోయింది. ఆటోలో నా పక్కన సర్దుకుని కూర్చుని, ఎవుల ముందర సెప్పావు అని అడిగింది. ఇద్దరు ఆఫీసర్లు, ఒకావిడ అన్నాను.

"ఏటన్నారు?"

"లేచి నిలబడ్డారు" అన్నాను.

నా మొహంలోకి చూసింది. చిన్నప్పటి నుంచి ఆ చూపు ముందు నేను నిలవలేను. ముందే నిలబడి ఉన్నారులే అప్పా, అని ఒప్పుకున్నాను. నవ్వింది. ఆటో కదిలాక, గాలికి కొంగు సర్దుకుంటూ ఇంకొకటి అడిగింది.

"ఇన్నేళ్లూ పట్టుకెల్లినారు గదా. పప్పు బాగుందని ఎవులైనా అన్నారేటి?"

ఒక్కడూ అనలేదు. ఊరెళ్లాక ఉత్తరం ముక్క రాసినవాడు లేడు, రెండోసారి వచ్చినప్పుడు కిందటిసారి పప్పు బాగుందయ్యా అన్నవాడు లేడు. పక్క ఊళ్లో ఇంకా చవకట కదా అన్నవాళ్లున్నారు.

"అందరూ అన్నారు" అన్నాను.

ఆవిడ మళ్లీ నా మొహంలోకి చూస్తుందేమోనని రోడ్డు వైపు తిరిగాను. చూడలేదు. అప్ప పోయి ఆరేళ్లయింది, ఆ అబద్ధం ఒక్కటీ ఒప్పుకోకుండానే ఉండిపోయాను.